లౌడన్ కౌంటీ కోర్టు పాత పుస్తకాలు: మా కాలనీ నేల చరిత్ర వెతకడం ఎలా?

లౌడన్_వాసి
శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మేం వర్జీనియాలో యాష్‌బర్న్ దగ్గర ఉంటున్నాం. మా కాలనీ రాకముందు ఇక్కడ పాడి ఆవుల పొలం ఉండేదట. కాలనీ చివర, వాననీటి చెరువు దాటాక, చెట్ల మధ్య కొన్ని రాళ్లు వరసగా పాతి ఉన్నాయి. చెక్కినవి కావు, పేర్లు లేవు, మామూలు పొలం రాళ్లు. ఒక పెద్ద రాయి, దానికి ఎదురుగా ఆరడుగుల దూరంలో ఒక చిన్న రాయి, ఇలా జతలు జతలుగా ఉన్నాయి. సమాధులేనని ఇక్కడి పెద్దవాళ్లు అంటున్నారు. మొన్న హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) మీటింగులో అటువైపు నడక దారి వేద్దామన్న మాట వచ్చింది. ఆ రాళ్ల కింద ఎవరున్నారో తెలుసుకోకుండా వాళ్ల మీద నుంచి దారి వేయడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు.

వంశవృక్షాల వెబ్‌సైట్లు చూశాను. ఏ పేరుతో వెతకాలో తెలియనప్పుడు అవి ఉపయోగపడటం లేదు. కౌంటీ కోర్టులో పాత పుస్తకాలు ఉంటాయని విన్నాను. మనవాళ్లలో ఎవరైనా వాటిని చూశారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత_దస్త్రం
శనివారం, ఉదయం 9:55

మీ దగ్గర పేరు లేదు కానీ నేల ఉంది. నేల నుంచే మొదలుపెట్టండి.

మీ ఇంటి డీడ్, అంటే అమ్మకపు దస్తావేజు తీయండి. అందులో బిల్డర్ కంపెనీ ఉంటుంది. ఆ కంపెనీకి ఎవరు అమ్మారు, వాళ్లకి ఎవరు అమ్మారు అని ఒక్కో మెట్టూ వెనక్కి దిగాలి. లీస్‌బర్గ్‌లో సర్క్యూట్ కోర్టు క్లర్క్ కార్యాలయం కింద పాత రికార్డుల విభాగం ఉంది. అమ్మినవారి సూచిక ఒకటి, కొన్నవారి సూచిక ఒకటి, విడివిడిగా ఉంటాయి. మీరు వెనక్కి వెళ్తున్నారు కాబట్టి ప్రతిసారీ కొన్నవారి సూచిక చూడాలి. మధ్యలో ఎక్కడైనా గొలుసు తెగిందంటే భూమి అమ్మకం మీద కాకుండా వారసత్వంగా వచ్చి ఉండొచ్చు. అప్పుడు డీడ్ పుస్తకం పక్కనపెట్టి వీలునామాల పుస్తకం తీయండి.

లౌడన్ కౌంటీ 1757లో ఫెయిర్‌ఫాక్స్ నుంచి విడిపోయింది. అంతకన్నా వెనక్కి వెళ్లాలంటే ఫెయిర్‌ఫాక్స్ (1742), అది దాటితే ప్రిన్స్ విలియం (1731), ఇంకా ముందు స్టాఫర్డ్ (1664). మొట్టమొదటి పట్టా మాత్రం కౌంటీ పుస్తకాల్లో ఉండదు. ఈ ప్రాంతమంతా నార్తర్న్ నెక్ అని ఒక పెద్ద ఎస్టేటు, లార్డ్ ఫెయిర్‌ఫాక్స్ చేతిలో ఉండేది. వాళ్లిచ్చిన గ్రాంట్ల పుస్తకాలు రిచ్‌మండ్‌లో లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి. వాటిని ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

హద్దులు చదివేటప్పుడు కంగారు పడకండి. "తెల్ల ఓక్ చెట్టు నుంచి వాగు వెంబడి ఇన్ని పోల్స్ వెళ్లి రాయి దగ్గర మలుపు" అని రాస్తారు. పోల్ అంటే 16.5 అడుగులు. నాలుగు పోల్స్ ఒక గొలుసు, 66 అడుగులు. చెట్లు ఇప్పుడు ఉండవు కానీ వాగులు చాలావరకు అక్కడే ఉంటాయి, వాటిని పట్టుకోండి.

నెల్లూరు_నుంచి_నోవా
శనివారం, ఉదయం 10:30

నాకొక సందేహం అండీ. కోర్టు అంటే కేసులు కదా. భూముల డీడ్లు, పెళ్లిళ్లు, వీలునామాలు అన్నీ కోర్టు క్లర్క్ దగ్గర ఎందుకున్నాయి? మనకైతే రిజిస్ట్రార్ ఆఫీసు వేరు, ఎమ్మార్వో ఆఫీసు వేరు, కోర్టు వేరు.

రిచ్‌మండ్_రమ
శనివారం, మధ్యాహ్నం 12:15

చాలా మంచి ప్రశ్న. ఇది అర్థమైతే మిగతా వెతుకులాట అంతా తేలికవుతుంది.

వర్జీనియాను 1634లో ఎనిమిది షైర్లుగా విభజించారు. తర్వాత వాటినే కౌంటీలన్నారు. ఒక్కోదానికి ఒక కోర్టు. అందులో కూర్చునేవాళ్లు లా చదివిన జడ్జీలు కారు, ఆ ఊళ్లలో పెద్ద భూస్వాములు. జార్జి వాషింగ్టన్ కూడా ఫెయిర్‌ఫాక్స్ కోర్టులో అలా కూర్చున్నవాడే. నెలకోసారి కోర్టు జరిగేది. అప్పుల దావాలు, తగువులు విన్న ఆ పెద్దమనుషులే ఆ రోజే పన్ను ఎంతో తేల్చేవాళ్లు, ఏ రోడ్డు ఎవరు బాగుచేయాలో చెప్పేవాళ్లు, సత్రం నడుపుకోవడానికి లైసెన్సు ఇచ్చేవాళ్లు. సత్రంలో భోజనానికి, పడకకి, గుర్రం మేతకి, మద్యానికి ధరలు కూడా వాళ్లే కట్టేవాళ్లు. తోడేలు తల తెచ్చినవాడికి బహుమతి ఇచ్చేవాళ్లు. పన్ను, జీతం, బహుమతి అన్నీ పొగాకు పౌన్లలోనే.

అంటే మన లెక్కలో కలెక్టరు, మునసబు కోర్టు, జిల్లా బోర్డు, రిజిస్ట్రారు అన్నీ ఒకే గదిలో ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టు. అన్నింటికీ రాతగాడు ఒక్కడే, క్లర్క్. అందుకే అన్నీ ఆయన దగ్గరే చేరాయి. పరిపాలన పని 1870లో బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ అనే కౌంటీ పాలక మండలికి వెళ్లిపోయింది. 1902 రాజ్యాంగం పాత కౌంటీ కోర్టులనే ఎత్తేసింది. 1904 ఫిబ్రవరి నుంచి ఆ పని, ఆ పుస్తకాలు సర్క్యూట్ కోర్టులకు వచ్చాయి.

పుస్తకాలతో పాటు విడి కాగితాల కట్టలు కూడా ఉంటాయి. పుస్తకంలో "ఫలానా దావా కొట్టేయడమైనది" అని ఒక్క వాక్యం ఉంటే, కట్టలో ఆ దావా పిటిషన్, సాక్షుల వాంగ్మూలాలు, కొట్టు పద్దులు, ఒక్కోసారి స్కెచ్ మ్యాపులు దొరుకుతాయి. అసలు మనుషుల మాట వినపడేది ఆ కట్టల్లోనే.

బెజవాడ_ప్లీడరు
శనివారం, మధ్యాహ్నం 1:50

రమ గారూ, చదువుతుంటే ఆనందంగా ఉంది, కొంచెం కడుపు మండుతోంది కూడా. నేను కృష్ణా జిల్లాలో చాలా ఏళ్లు ప్రాక్టీసు చేశాను. మన దగ్గర సివిల్ కేసు ముగిశాక జడ్జిమెంటు, డిక్రీ ఉంచుతారు. మిగతా కట్ట గడువు దాటాక నాశనం చేయొచ్చని రూల్సే చెబుతాయి. మీరన్న ఆ "మనుషుల మాట" మన దగ్గర అలాగే పోయింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్లలో ఎన్ని దస్త్రాలు ఎవరి అటకల మీద ఉండిపోయాయో, ఎన్ని చెదల పాలయ్యాయో లెక్క లేదు.

ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు, రీసెటిల్మెంట్ రిజిస్టర్లు, అదే మనం డైగ్లాట్ అంటాం, ఇవి మిగిలాయి కాబట్టి ఈ రోజుకీ భూమి కేసులు నడుస్తున్నాయి. వాటి మీద వేరే చర్చ పెడితే నాకు తెలిసింది రాస్తాను. ఇక్కడ లౌడన్ విషయం పక్కదారి పట్టకూడదు.

పాత_దస్త్రం
శనివారం, మధ్యాహ్నం 2:20

ప్లీడరు గారూ, తప్పక పెట్టండి, చాలామందికి అవసరం.

లౌడన్ వాసి గారూ, మీరు ఒక విషయంలో అదృష్టవంతులు. అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక లౌడన్ క్లర్క్ జార్జి కె. ఫాక్స్ జూనియర్ కౌంటీ పుస్తకాలన్నీ బండికి ఎక్కించి దక్షిణాన ఉన్న క్యాంప్‌బెల్ కౌంటీకి తీసుకెళ్లిపోయాడు. యుద్ధం అయ్యేదాకా అక్కడే దాచి, 1865లో తిరిగి తెచ్చాడు. లీస్‌బర్గ్ ఎన్నోసార్లు చేతులు మారినా ఒక్క పుస్తకం పోలేదు. 1757 నుంచి వరస తెగకుండా ఉన్న కౌంటీలు వర్జీనియాలో అన్నిచోట్లా ఉండవు. ఆ ఒక్క మనిషి పట్టుదల మీద ఈ రోజు మీరు వెతకగలుగుతున్నారు.

మేరీల్యాండ్_మాధవి
శనివారం, సాయంత్రం 4:05

దీనికి ఎదురు కథ కూడా చెప్పాలి. చాలా కౌంటీలు జాగ్రత్త కోసమని పుస్తకాలు రిచ్‌మండ్ పంపాయి. రాజధాని కన్నా భద్రమైన చోటు ఏముంటుందని అనుకున్నారు. 1865 ఏప్రిల్ 3న కాన్ఫెడరేట్ (దక్షిణాది) సైన్యం ఊరు ఖాళీ చేస్తూ గోదాములకు నిప్పు పెట్టింది. ఆ మంటలు పాకి రాష్ట్ర కోర్టు భవనం కాలిపోయింది. హానోవర్ డీడ్లు, వీలునామాలు చాలావరకు అందులోనే పోయాయి. జేమ్స్ సిటీ కౌంటీవి కూడా. గ్లోస్టర్ అయితే 1820లో ఒకసారి క్లర్క్ ఆఫీసు కాలి అన్నీ పోగొట్టుకుంది, ఆ తర్వాత కూడబెట్టినవి మళ్లీ 1865లో రిచ్‌మండ్‌లో పోయాయి.

వీటిని ఇక్కడ "కాలిపోయిన కౌంటీలు" అంటారు. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఒక కౌంటీ డీడ్ నకలు పక్క కౌంటీ దావాలో సాక్ష్యంగా పెట్టి ఉండొచ్చు. అలాంటి నకళ్లను వెతికి లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వాళ్లు ప్రత్యేకంగా ఒక డిజిటల్ సంగ్రహం చేశారు. 1782 నుంచి భూమి పన్ను జాబితాలు ఏటా రిచ్‌మండ్‌లోని ఆడిటర్‌కు పంపేవాళ్లు కాబట్టి కౌంటీలో కాలినా అక్కడి ప్రతులు మిగిలాయి.

నెల్లూరు_నుంచి_నోవా
శనివారం, సాయంత్రం 5:30

ఫెయిర్‌ఫాక్స్‌లో వాషింగ్టన్ వీలునామా అసలు ప్రతి ఉందని విన్నాను. నిజమేనా?

రిచ్‌మండ్_రమ
శనివారం, సాయంత్రం 6:10

నిజమే. 1799 జులైలో స్వహస్తాలతో రాసుకున్నది, ఫెయిర్‌ఫాక్స్ సర్క్యూట్ కోర్టు దగ్గర ఉంది. తన బానిసలకు విముక్తి ఇవ్వాలని రాసింది అందులోనే. భార్య మార్తా వీలునామాకి వేరే కథ. 1862లో ఒక యూనియన్ (ఉత్తరాది) సైనికాధికారి దాన్ని కోర్టు నుంచి పట్టుకుపోయాడు. తర్వాత అతని కూతురు కోటీశ్వరుడు జె.పి. మోర్గాన్‌కు అమ్మింది. వర్జీనియా రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కితే 1915లో మోర్గాన్ కొడుకు తిరిగి ఇచ్చేశాడు. కోర్టు కాగితం అమ్ముకునే వస్తువు కాదని ఒక రాష్ట్రం అంత గట్టిగా నిలబడటం నాకు చాలా నచ్చుతుంది.

కాకినాడ_కుర్రాడు
శనివారం, రాత్రి 9:45

ఈ పుస్తకాల్లో మనవాళ్లు ఎక్కడైనా కనిపిస్తారా? 1635లో జేమ్స్‌టౌన్‌లో "టోనీ, ఈస్ట్ ఇండియన్" అని ఒకడున్నాడని ఎక్కడో చదివాను. మచిలీపట్నంలో ఇంగ్లీషు వాళ్ల ఫ్యాక్టరీ 1611 నుంచే ఉంది. నెల్లూరు తీరంలో దుగరాజపట్నం దగ్గర, వాళ్లు ఆర్మగాం అన్నచోట, 1626లో ఇంకొకటి. కాబట్టి మన తీరం వాడే అయ్యుంటాడని నా నమ్మకం.

మేరీల్యాండ్_మాధవి
ఆదివారం, ఉదయం 7:50

తమ్ముడూ, ఆ పేరు నిజంగానే ఉంది. జార్జి మెనిఫీ అనే వ్యాపారి తాను తెచ్చిన మనుషుల జాబితా చూపించి భూమి తీసుకున్నాడు. ఒక్కో మనిషిని ఓడలో తెచ్చినందుకు 50 ఎకరాలు ఇచ్చే పద్ధతి అప్పుడుండేది. ఆ జాబితాలో టోనీ ఒకడు. కానీ ఏ రేవు నుంచి వచ్చాడో, ఏ భాష మాట్లాడేవాడో ఆ కాగితం చెప్పదు. తెలుగువాడే అయ్యుండొచ్చు, తమిళుడో గుజరాతీయో బెంగాలీయో కూడా కావచ్చు. మన ఇష్టం కొద్దీ ఆ చోటు నింపకూడదు.

టోనీ ఒక్కడే కాదు. వర్జీనియా, మేరీల్యాండ్ కౌంటీ కోర్టు పుస్తకాల్లో "ఈస్ట్ ఇండియన్" అని రాసిన పనివాళ్లు అక్కడక్కడా తగులుతారు. ఇంగ్లండ్ మీదుగా యజమానుల వెంట వచ్చినవాళ్లు చాలామంది. కొంతమంది "నన్ను పని ఒప్పందం గడువు దాటినా వదలడం లేదు" అని కోర్టులో ఫిర్యాదు చేశారు. ఓడ దిగిన ఊరు లేదు, ఇంటి పేరు లేదు, కానీ కోర్టులో నిలబడ్డ రోజు మాత్రం తేదీతో సహా ఉంది. నాకు అది చాలా విలువైనదిగా అనిపిస్తుంది.

కాకినాడ_కుర్రాడు
ఆదివారం, ఉదయం 8:30

అర్థమైంది అక్కా. ఇంకొకటి. అమెరికాలో మొట్టమొదటి బానిస యజమాని నల్లవాడే, ఆంథోనీ జాన్సన్ అని, కోర్టు రికార్డు కూడా ఉందని వాట్సాప్‌లో తిరుగుతోంది. అది నిజమా?

పాత_దస్త్రం
ఆదివారం, ఉదయం 10:20

రికార్డు ఉంది, దాన్ని వాడుతున్న తీరు తప్పు.

నార్తాంప్టన్ కౌంటీ కోర్టు పుస్తకాలు 1632 నుంచి తెంపు లేకుండా ఉన్నాయి. ఇంగ్లీషు వలసల్లో అంత పాత వరస ఇంకెక్కడా లేదు. ఇప్పటికీ ఈస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లోనే ఉన్నాయి. అందులో 1655లో ఆంథోనీ జాన్సన్ అనే స్వతంత్ర ఆఫ్రికన్ రైతు, జాన్ కాసర్ అనే వ్యక్తి తనకు జీవితాంతం పనివాడని దావా గెలిచాడు. ఇంతవరకు నిజం. కానీ 1640లోనే గవర్నరు కౌన్సిలు పారిపోయిన ముగ్గురు పనివాళ్లను పట్టి, ఇద్దరు తెల్లవాళ్లకు కొన్నేళ్లు అదనపు చాకిరీ వేసి, జాన్ పంచ్ అనే నల్లవాడికి మాత్రం జీవితాంతం చాకిరీ వేసింది. అంటే కాసర్ కంటే 15 ఏళ్లు ముందే. అంతకు ముందు నుంచీ ఆఫ్రికన్లను కొని పని చేయించుకుంటున్నవాళ్లు తెల్ల భూస్వాములే. ఒక పుస్తకంలో ఒక పుట చించి చూపిస్తే ఏదైనా నిరూపించొచ్చు. ముందు పుటా వెనక పుటా చదవాలి.

మేరీల్యాండ్_మాధవి
ఆదివారం, ఉదయం 11:40

అదే 1655లో నార్తంబర్లాండ్ కౌంటీ కోర్టుకు వచ్చిన ఎలిజబెత్ కీ దావా గురించి ఎవరూ వాట్సాప్‌లో పంపరు. నాకు ఈ పుస్తకాల మీద ఇంత ప్రేమ కలగడానికి కారణం ఆ దావానే.

ఎలిజబెత్ తండ్రి థామస్ కీ ఇంగ్లీషువాడు, తల్లి బానిస అయిన ఆఫ్రికన్ స్త్రీ. ఆయన చనిపోయే ముందు కూతుర్ని ఇంకొక పెద్దమనిషికి తొమ్మిదేళ్ల గడువుతో అప్పగించాడు. తర్వాత ఆమెను సొంత బిడ్డలా చూసి వదిలేయాలన్నది ఒప్పందం. గడువు దాటింది, చేతులు మారింది, ఎవరూ వదల్లేదు. చివరి యజమాని జాన్ మాట్రమ్ చనిపోయాక అతని ఆస్తి లెక్కలో ఆమెనూ ఆమె బిడ్డనూ కలిపేశారు. అప్పుడు కోర్టుకెక్కింది. ఆమె తరఫున వాదించింది విలియం గ్రిన్‌స్టెడ్, ఆ బిడ్డ తండ్రి. "తండ్రి స్వతంత్రుడు కాబట్టి నేనూ స్వతంత్రురాలినే, నాకు క్రైస్తవ దీక్ష ఇచ్చారు, నా గడువు ఎప్పుడో తీరింది" అన్నవి ఆమె వాదనలు. థామస్ కీ తండ్రేనని ముసలివాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. కౌంటీ కోర్టులో గెలిచింది, పై కోర్టులో ఓడింది, శాసనసభ దాకా వెళ్లి 1656లో విడుదల తెచ్చుకుంది. గ్రిన్‌స్టెడ్‌ను పెళ్లి చేసుకుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 1662లో వర్జీనియా శాసనసభ కొత్త చట్టం చేసింది: బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే. ఎలిజబెత్ ఏ దారిన బయటపడిందో ఆ దారినే మూసేశారు. ఆ చట్టం కింద రెండు వందల ఏళ్లు లక్షలమంది బిడ్డలు పుట్టుకతోనే బానిసలయ్యారు. చట్టం పుస్తకంలో ఆ ఒక్క వాక్యం చదివితే ఎందుకు వచ్చిందో తెలియదు. కౌంటీ కోర్టు పుస్తకం పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది.

లౌడన్_వాసి
తర్వాతి శనివారం, సాయంత్రం 5:00

మీ అందరికీ చాలా రుణపడి ఉన్నాను. లీస్‌బర్గ్ వెళ్లి వచ్చాను. అక్కడి సిబ్బంది ఎంత ఓపికగా చూపించారో చెప్పలేను.

బిల్డర్ నుంచి పాడి రైతు కుటుంబం, వాళ్ల నుంచి వెనక్కి వెనక్కి వెళ్తే 1830ల దగ్గర గొలుసు తెగింది. పాత దస్త్రం గారు చెప్పినట్టే వీలునామాల పుస్తకం తీశాను. యజమాని చనిపోయాక కోర్టు నియమించిన పెద్దమనుషులు ఆస్తి విలువ కట్టిన జాబితా దొరికింది. నాగళ్లు, దుప్పట్లు, గుర్రాలు, ఆవులు, వాటి మధ్యలోనే మనుషులు. ఇంటి పేరు లేకుండా ఒక్కో పేరు, వయసు, పక్కన ధర. ఒక ముసలామె పేరు పక్కన సున్నా ఉంది. ఒక తల్లినీ చంటిబిడ్డనూ కలిపి ఒకే ధర కట్టారు. ఆ పుట ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ రాళ్ల కింద ఉన్నది వీళ్లేనా? అది ఎలా తేల్చాలి? ఆ తర్వాత వీళ్లు ఏమయ్యారో తెలుసుకునే దారి ఉందా?

రిచ్‌మండ్_రమ
తర్వాతి శనివారం, సాయంత్రం 6:45

మీరు ఇంత దూరం వెళ్లడం చాలా సంతోషం. సమాధిలో ఉన్నది ఫలానా వ్యక్తే అని కోర్టు పుస్తకం చెప్పకపోవచ్చు. కానీ ఆ పొలంలో ఎవరు బతికారో, ఎవరు చనిపోయారో చాలావరకు చెబుతుంది. నేనైతే ఈ వరసలో చూస్తాను.

మొదట భూమి పన్ను జాబితాలు. 1814 నుంచి వాటిలో ఆ భూమి కోర్టు భవనానికి ఏ దిక్కున ఎంత దూరమో రాశారు, 1820 నుంచి కట్టడాల విలువ కూడా. మీరు పట్టుకున్న పొలం అదేనా కాదా అని దాంతో ఖాయం చేసుకోండి. ఇది తేలకుండా ముందుకు వెళ్లకండి.

తర్వాత చాన్సరీ కేసులు, అంటే ఆస్తి పంపకాల లాంటి తగువులు జడ్జి న్యాయం చూసి తేల్చే దావాలు. పెద్ద ఆస్తి ఉన్నవాడు చనిపోతే పిల్లల మధ్య పంపకాల తగువు దాదాపు తప్పదు. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా చాన్సరీ సూచికలో కౌంటీ, ఇంటి పేరు పెట్టి వెతకండి. పంపకంలో ఏ బానిస ఏ కొడుకు వాటాకి వెళ్లాడో, ఎవరిని అమ్మేశారో, తల్లీ బిడ్డల్ని విడదీశారో లేదో అందులో ఉంటుంది. చదవడానికి గుండె దిటవు చేసుకోవాలి.

1853 నుంచి జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. బానిసలకు పుట్టిన బిడ్డల్ని యజమాని పేరు కింద నమోదు చేశారు, తల్లి పేరు చాలాచోట్ల ఉంటుంది. మీ జాబితాలో చిన్నపిల్లగా ఉన్న అమ్మాయి 1853 తర్వాత తల్లిగా కనిపించవచ్చు.

ఎవరైనా విముక్తి పొంది ఉంటే స్వతంత్ర నల్లజాతి వారి రిజిస్టరు చూడండి. 1793 చట్టంతో మొదలైన రిజిస్టర్లవి. ఎత్తు, వయసు, ఒంటి మీద గాట్లు, ఎవరు ఏ పత్రంతో విడిపించారు అన్నీ రాశారు. మనిషిని అనుమానించి రాసిన వర్ణనే అయినా ఆ మనిషి రూపం మనకు మిగిలింది అందులోనే. 1806 చట్టం ప్రకారం విముక్తి పొందినవాళ్లు ఏడాదిలోగా రాష్ట్రం విడిచి పోవాలి. భార్యాపిల్లలు ఇంకా బానిసలుగా ఇక్కడే ఉంటే ఎలా వెళ్తారు? ఉండనివ్వమని పిటిషన్లు పెట్టుకున్నారు. 1837 నుంచి వాటిని కౌంటీ కోర్టులే తేల్చాయి. ఆ పిటిషన్ల మీద ఇరుగుపొరుగు తెల్లవాళ్ల సంతకాలు కూడా ఉంటాయి.

ఈ రకం కాగితాలన్నీ "వర్జీనియా అన్‌టోల్డ్" అనే ఆన్‌లైన్ సంగ్రహంలో కౌంటీ వారీగా పెడుతున్నారు. ముందు అక్కడ వెతికి, తర్వాత లీస్‌బర్గ్ వెళ్లండి.

పాత_దస్త్రం
తర్వాతి శనివారం, రాత్రి 8:10

రమ గారి జాబితాకి ఒక్కటి కలుపుతాను. విముక్తి పత్రాలు డీడ్ పుస్తకాల్లోనే, భూమి అమ్మకాల మధ్య ఉంటాయి. 1782 చట్టం తర్వాత యజమాని తన ఇష్టంతో బానిసల్ని విడిపించడానికి వీలైంది. రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి 1791లో 450 మందికి పైగా ఒకే పత్రంతో విడిపించడం మొదలుపెట్టాడు. లౌడన్‌లో కూడా అతనికి భూములుండేవి. ఆ పత్రం నార్తంబర్లాండ్ జిల్లా కోర్టులో దాఖలైంది. కాబట్టి లౌడన్ మనిషి గురించి లౌడన్‌లోనే దొరకాలని లేదు.

చేతిరాత విషయం. 1700ల తర్వాతి రాత కొంచెం అలవాటైతే వచ్చేస్తుంది. అంతకు ముందుదానికి ఆ కాలపు అక్షరాల పట్టిక పక్కన పెట్టుకోవాలి. 1752 వరకు ఇంగ్లీషు వాళ్ల సంవత్సరాది మార్చి 25. అందుకే జనవరి, ఫిబ్రవరి తేదీల్లో 1654/55 అని రెండేళ్లు కలిపి రాసి ఉంటుంది. అది చూసి పొరపాటు పడకండి.

నెల్లూరు_నుంచి_నోవా
తర్వాతి ఆదివారం, ఉదయం 9:00

నేనూ నిన్న ఒకసారి వెళ్లొచ్చాను. కొన్ని పాత పుటలు ప్లాస్టిక్‌లో అతికించినట్టు ఉన్నాయి, ఒక పుస్తకం తెరిస్తే వెనిగర్ వాసన వచ్చింది. ఎందుకు?

రిచ్‌మండ్_రమ
తర్వాతి ఆదివారం, ఉదయం 10:35

వర్జీనియాలో విలియం బారో అనే ఆయన 1930లలో ఒక పద్ధతి వాడుకలోకి తెచ్చారు. చిరుగుతున్న పుటకి రెండువైపులా సెల్యులోజ్ అసిటేట్ పొర పెట్టి వేడితో అతికించడం. అప్పట్లో అదే గొప్ప పరిష్కారం, వర్జీనియా కౌంటీ పుస్తకాలకు విపరీతంగా చేశారు. కాలం గడిచేకొద్దీ ఆ పొర చెడి ఎసిటిక్ యాసిడ్ విడుదల చేస్తుంది, ఆ వాసనే మీకొచ్చింది. ఆ యాసిడ్ కాగితాన్ని లోపల్నుంచి తింటుంది. ఇప్పుడు నిపుణులు ఒక్కో పుటనీ అసిటోన్‌లో నానబెట్టి ఆ పొర తీసి, యాసిడ్ తగ్గించి, మళ్లీ బైండ్ చేస్తున్నారు. చాలా నెమ్మదిగా, చాలా ఖర్చుతో జరిగే పని.

దానికి డబ్బు ఎక్కడిదో తెలుసా? వర్జీనియాలో ఇల్లు కొన్నప్పుడు క్లోజింగ్ కాగితాల్లో డీడ్ రికార్డింగ్ ఫీజు కడతాం కదా, అందులో చిన్న భాగం సర్క్యూట్ కోర్టు రికార్డుల పరిరక్షణ నిధికి వెళ్తుంది. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా దాన్ని క్లర్కులకు గ్రాంట్లుగా ఇస్తుంది. లౌడన్, ఫెయిర్‌ఫాక్స్‌లలో ఇల్లు కొన్న ప్రతి తెలుగు కుటుంబం ఈ పుస్తకాల మరమ్మతుకి ఇప్పటికే తన వంతు ఇచ్చింది. కాబట్టి వెళ్లి చూడటానికి మొహమాట పడకండి.

బెజవాడ_ప్లీడరు
తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:20

లౌడన్ వాసి గారూ, ఇక్కడి చట్టం గురించి మా అబ్బాయి చేత చూపించుకున్నాను. వర్జీనియాలో సమాధి పేరు లేనిదైనా సమాధే. దాన్ని పాడుచేయడం నేరం. కదిలించాలంటే పద్ధతి ప్రకారం అనుమతి తప్పనిసరి. సొంత స్థలంలో ఉన్నా సరే, చనిపోయినవాళ్ల వారసులకు వచ్చి చూసుకునే హక్కు ఉంది. హెచ్‌ఓఏకి నోటి మాటగా చెప్పి ఊరుకోకండి. మీకు దొరికిన జాబితా నకలు, రాళ్ల ఫోటోలు, ప్లాట్ మ్యాపు మీద గుర్తు పెట్టి రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక ప్రతి కౌంటీ ప్లానింగ్ విభాగానికి కూడా పంపండి.

లౌడన్_వాసి
తర్వాతి ఆదివారం, రాత్రి 9:30

ప్లీడరు గారూ, ఉత్తరం రాశాను. ఈ రోజే హెచ్‌ఓఏకి, కౌంటీకి రెండింటికీ పంపాను. నడక దారి ప్రతిపాదన ప్రస్తుతానికి ఆపుతామని బోర్డులో ఒకరు ఫోన్ చేసి చెప్పారు. రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను.

భూమి పన్ను జాబితాలో దూరం, దిక్కు రెండూ సరిపోయాయి, పొలం అదే. చాన్సరీ సూచికలో ఆ ఇంటి పేరుతో పంపకాల దావా ఒకటి కనిపించింది. స్కాన్లు దించుకున్నాను, చాలా పుటలున్నాయి. చేతిరాత కొన్నిచోట్ల అస్సలు అందడం లేదు. ఎవరైనా నాతో కలిసి చదువుతారా?

మేరీల్యాండ్_మాధవి
తర్వాతి ఆదివారం, రాత్రి 10:05

నేను చదువుతాను. వాంగ్మూలాల పుటలు నాకు పంపండి, పేర్లు ముందుగా అక్కడే దొరుకుతాయి. మనం రాసుకున్నది పక్కాగా సరిచూసుకున్నాక ఫెయిర్ కాపీ లీస్‌బర్గ్ వాళ్లకి కూడా ఇద్దాం, తర్వాత ఆ కుటుంబాల వారసులు వెతుక్కుంటూ వస్తే ఉపయోగపడుతుంది. చేతిరాత అలవాటు కావాలనుకునేవాళ్లు లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ట్రాన్‌స్క్రిప్షన్ సైట్‌లో ఒక పుట తీసుకుని మొదలుపెట్టండి. అక్కడ ఒకరు రాసింది ఇంకొకరు సరిచూస్తారు.

కాకినాడ_కుర్రాడు
తర్వాతి ఆదివారం, రాత్రి 10:20

నాకూ ఓ పది పుటలు పంపండి అక్కా. ఆస్తి జాబితా పేర్లు ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెడుతున్నాను: పేరు, వయసు, 1830ల జాబితా, పంపకంలో ఎవరి వాటా, 1853 తర్వాత రిజిస్టరు. దావాలో ఏ పేరు తగిలినా పుట సంఖ్యతో పాటు చెప్పండి.